కరెంటు పోయొస్తే డీవీఆర్ అడ్రస్ మారుతోందా?

ప్రశ్న: భీమవరం దగ్గర మా రొయ్యల చెరువు గట్టు మీద షెడ్డులో రౌటర్, కెమెరాల వీడియో రికార్డు చేసే పెట్టె (డీవీఆర్) పెట్టాం. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా డీవీఆర్ ఐపీ అడ్రస్ మారిపోతోంది, ఫోన్లో కెమెరాలు కనబడట్లేదు. మొన్న ల్యాప్‌టాప్‌కైతే 169.254తో మొదలయ్యే అడ్రస్ వచ్చింది, నెట్ రాలేదు. డీవీఆర్‌లోనే ఒక అడ్రస్ టైప్ చేసి పెట్టేయమంటారా?

జవాబు: వద్దండి. ఎందుకు వద్దంటున్నానో కౌలు సంగతి తెలిసిన మీకు చెప్పడం తేలిక. నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరాన్ని గుర్తుపట్టే నంబరే ఐపీ అడ్రస్. దాన్ని రౌటర్ రాసిచ్చెయ్యదు, గడువు పెట్టి కౌలుకిస్తుంది. ఈ పద్ధతి పేరు డీహెచ్‌సీపీ. 1993లో వచ్చింది, అందులోనూ ఆ మాట లీజే.

డీవీఆర్ ఆన్ అయ్యేసరికి దానికి అడ్రస్ ఉండదు, ఎవరినడగాలో తెలియదు. అందుకని 255.255.255.255కి, అంటే ఆ నెట్‌వర్క్‌లో అందరికీ వినబడేలా, కేకేస్తుంది. రౌటర్ ఖాళీగా ఉన్న అడ్రస్ ఒకటి చూపిస్తుంది. డీవీఆర్ అదే కావాలంటుంది. రౌటర్ సరేనని గడువు చెబుతుంది. 24 గంటల కౌలైతే 12 గంటలకే, సగం గడువుండగానే, డీవీఆర్ పొడిగింపు అడుగుతుంది. కరెంటు ఉన్నన్నాళ్లూ మీకు ఇబ్బంది రానిది ఇందుకే. కరెంటు పోతే కొన్ని రౌటర్లు కౌలు చిట్టా మొత్తం మరచిపోతాయి. మళ్లీ వచ్చాక ఎవరు ముందు అడిగితే వారిదే ముందు వంతు.

ఇప్పుడు డీవీఆర్‌లో మీరే 192.168.1.5 అని కొట్టారనుకోండి. ఆ సంగతి రౌటర్‌కి తెలియదు. రేపు మేత వేసే కుర్రాడి ఫోనుకి అదే ఇచ్చిందా, ఒక చెరువుకి ఇద్దరు కౌలుదార్లు! రెండూ సరిగా పనిచేయవు. ఆ తగాదా ఎక్కడుందో పట్టుకోవడానికి పూటంతా పోతుంది.

రౌటర్ సెట్టింగుల్లో డీహెచ్‌సీపీ పేజీకి వెళ్లి, అడ్రస్ రిజర్వేషన్ దగ్గర డీవీఆర్ మ్యాక్ అడ్రస్, దానికివ్వాల్సిన ఐపీ రాసి సేవ్ చేయండి. మ్యాక్ అంటే ఆ పరికరానికి ఉండే సొంత గుర్తింపు, అంకెలూ అక్షరాలూ కలిసి 12 ఉంటాయి, డీవీఆర్ నెట్‌వర్క్ సెట్టింగుల్లో కనబడుతుంది. తర్వాత డీవీఆర్‌ని ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి. ఇక ఆ అడ్రస్‌ను రౌటర్ ఇంకెవరికీ ఇవ్వదు.

ల్యాప్‌టాప్ సంగతి వేరు. అడిగినా ఎవరూ పలకనప్పుడు అది తనకు తానే పెట్టుకునే అడ్రస్ 169.254. రౌటర్ పూర్తిగా లేచాక వైఫై ఆపి మళ్లీ ఆన్ చేయండి. కేబుల్ వాడుతుంటే మాత్రం ముందు దాని కొస చూడండి. చెరువు గట్టు తేమకి పిన్నులకు చిలుము పడుతుంది. పట్టి ఉంటే ఆ కొస కోయించి కొత్త కనెక్టర్ వేయించండి.