తోమిన రంగు, దాచిన లెక్క

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మావారు ఉపాధ్యాయుడిగా రిటైరయ్యారు. పాతకాలపు రేకు బొమ్మ రైలు పెట్టెలు సేకరిస్తారు. "ఈ వయసులో బొమ్మలా" అని నేను, మా తమ్ముడు నవ్వేవాళ్లం. దసరాకు ఇల్లు దులుపుతూ, మాసిన ఒక పెట్టెను ఇత్తడి సామానుతో పాటు చింతపండు వేసి తోమాను. రంగు చాలావరకు పోయింది. ఆయన ఒక్క మాటా అనలేదు, 20 రోజులుగా ముభావంగా ఉన్నారు. అలాంటివి రెండు కొనడానికి అమ్మాయి పెళ్లికని దాచిన చీటీ డబ్బులోంచి 38 వేలు తీశారని ఆ తర్వాత తెలిసింది. తప్పు ఎవరిది? మా మామగారు చిన్న రైల్లో గార్డుగా చేసేవారు.

జవాబు: అమ్మా, తప్పు ఇద్దరిదీ ఉంది. కానీ రెండింటినీ ఒకే గాటన కట్టకండి. మీది తెలియక జరిగింది, ఆయనది తెలిసి చేసింది.

ముందు ఆ పెట్టె సంగతి. ఇత్తడి చెంబును తోమితే కిలుము పోయి లోహం మెరుస్తుంది. ఈ బొమ్మలకు పైనున్న రంగే ప్రాణం. చాలావాటికి పలచని రేకు మీద కిటికీలు, తలుపులు, అక్షరాలు ముందే అచ్చువేసి, ఆ రేకునే పెట్టెగా వంచేవారు. ఇంగ్లండులో 1920లో మొదలైన హార్న్‌బీ బొమ్మ రైళ్ల వంటివాటిని ఇప్పటికీ వెతుక్కుని కొనేది ఆ పాత రంగు కోసమే. కంగారుపడి పెయింటరుకు ఇచ్చి కొత్త రంగు మాత్రం వేయించకండి. ఉన్న విలువ కూడా పోతుంది.

ఆయన దగ్గర కూర్చుని, "తెలియక చేశాను, మీ మనసు నొచ్చుకుంది" అనండి. అంతే. ఆ రోజు చీటీ మాట ఎత్తితే, క్షమాపణ కాస్తా పంచాయితీ అవుతుంది.

మామగారి గురించి ఉత్తరం చివర ఒక్క వాక్యం రాసి వదిలేశారు. నాకు మాత్రం మీ ఉత్తరమంతటిలో అదే ముఖ్యమనిపించింది. మీ ఊరి మహారాజా వేయించిన ఆ చిన్న రైలు 1900లో నౌపడ నుంచి మొదలై, 1931కి గుణుపురం దాకా వెళ్లింది. పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లే. 2004లో ఆ రైలును ఆపేసి, తర్వాత పెద్ద లైను వేశారు. తండ్రి పచ్చజెండా ఊపిన రైలు కళ్లముందే లేకుండా పోయిన మనిషి, అరచేతిలో పట్టే రైలు పెట్టెను అంత ఆప్యాయంగా ఎందుకు చూసుకుంటారో ఒకసారి ఆయన్నే అడగండి. నాకు తోచింది తప్పు కావచ్చు, కానీ ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఇంట్లో ఎవరూ వేసినట్టు లేదు.

ఇక డబ్బు. ఇందులో ఆయనను వెనకేసుకురాను. ఎగతాళి చేసేవారికి ఎవరూ మనసు విప్పరు, నిజమే. అయినా పిల్ల పెళ్లి సొమ్ము ముట్టుకోకూడదు. వారం ఆగి, పుస్తకం ముందు పెట్టుకుని మాట్లాడండి. 38 వేలూ పింఛనులోంచి నెలనెలా తిరిగి జమ కావాలి, అవసరమైతే ఒక పెట్టె అమ్మాలి. ఆ బాకీ తీరాక సరదాకని నెలకు ఇంత అని మీరే ఒప్పుకోండి. మీ తమ్ముడి నవ్వును కూడా మీరే ఆపాలి.

రంగు పోయిన పెట్టెను అటకెక్కించకండి, చెమ్మకు తుప్పు పడుతుంది. మిగతావాటి పక్కనే ఉంచి, పొడి మెత్తటి గుడ్డతో ఎలా తుడవాలో ఆయననే చూపించమనండి.