జైల్లో ఉన్న వ్యక్తికి బంధువు కానివారు జామీను ఉండవచ్చా?

ఉండవచ్చు, బెయిలు మంజూరైన వ్యక్తికి ఇరుగుపొరుగువారైనా, తోటి పనివారైనా, కోర్టు అంగీకరించిన పక్షంలో జామీను ఉండవచ్చు, రక్తసంబంధం అవసరం లేదు. నిందితుడు వాయిదాలకు తప్పక హాజరయ్యేలా చూడటమే జామీనుదారుడి బాధ్యత కాబట్టి, కోర్టు అతని గుర్తింపును, చిరునామాను, ఆర్థిక స్తోమతను, అంతకుముందు ఎందరికి జామీను ఉన్నాడన్న విషయాన్ని పరిశీలిస్తుంది.

మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తాపీమేస్త్రీకి 10,000 రూపాయల జామీను అడిగి, అతని సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందన్న కారణంతో దిగువ కోర్టు ఆ పూచీని తిరస్కరించగా, 1978లో సుప్రీంకోర్టు ఆ వైఖరిని తప్పుపట్టి, 1,000 రూపాయల సొంత పూచీకత్తుపై అతన్ని విడుదల చేయమన్నది. పేదవాడి స్వేచ్ఛ జిల్లా సరిహద్దు దగ్గర ఆగిపోకూడదన్న ఈ తీర్పు నేటికీ ఎంతో విలువైనది.

జామీను ఉంటే వెంటనే డబ్బు కట్టాలని చాలామంది భయపడి వెనకడుగు వేస్తారు. సాధారణంగా సంతకం చేసేటప్పుడు స్తోమతకు రుజువు చూపితే చాలు; నిందితుడు హాజరు కాకుండా షరతు ఉల్లంఘించినప్పుడు మాత్రమే, అదీ సంజాయిషీ కోరిన తర్వాతే, బాండు మొత్తం చెల్లించమని కోర్టు ఆదేశించవచ్చు. న్యాయవాదిని పెట్టుకోలేని కుటుంబం జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు; నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కును 1987 నాటి చట్టం కల్పించింది.