అరగంటలో లైను ఖాళీ కావాలంటే డ్రెయిన్, వెంట్ ఏ సైజులో పెట్టాలి?

మీ నీటి లైను వ్యాసం 150 మిల్లీమీటర్లు, పొడవు 120 మీటర్లు, ఎత్తైన చోటుకూ డ్రెయిన్‌కూ (కింద నీరు బయటికి వదిలే వాల్వు) మధ్య ఎత్తు తేడా 4 మీటర్లు అని రాశారు. ఆ పైపులో మీటరుకు సుమారు 17.7 లీటర్ల చొప్పున 2,100 లీటర్లకు పైగా నీరు పడుతుంది. ప్రవాహ గుణకం (లెక్క ప్రకారం రావలసిన ధారలో నిజంగా వచ్చే వంతు) 0.6 అనుకుంటే, 25 మిల్లీమీటర్ల డ్రెయిన్ మొదట్లో సెకనుకు 2.6 లీటర్లు వదులుతుంది. అదే ధార చివరిదాకా నిలిస్తే 14 నిమిషాలు చాలు గానీ, మట్టం తగ్గేకొద్దీ ధార సన్నబడుతుంది కాబట్టి నేను ఆ సమయాన్ని రెట్టింపు చేసి, వాల్వుకూ ఎల్బోలకూ గొట్టానికీ మరికొంత కలుపుతాను. ఆ లెక్కన 25 చాలదు, 40 పెట్టండి. 50 పెడితే మొదటి ధార సెకనుకు 10 లీటర్లు దాటుతుంది. ఆ నీరు పడే మీ గుంట అంత నీటిని తీసుకోగలదో లేదో ముందుగా చూసుకోవాలి.

వెంట్ (పైనుంచి గాలిని లోపలికి రానిచ్చే వాల్వు) చిన్నదైనా ఇబ్బంది లేదు. బయటికి పోయే నీరు ఎంతో లోపలికి రావలసిన గాలీ అంతే అయినా, గాలి నీటికంటే 800 రెట్లు తేలిక కనుక, 50 డ్రెయిన్‌కు సైతం 20 మిల్లీమీటర్ల వెంట్ దగ్గర కలిగే పీడన నష్టం సుమారు 20 సెంటీమీటర్ల నీటి ఎత్తు మాత్రమే. అయితే అది నిజంగా తెరుచుకుని ఉండాలి.

ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. ఒకసారి మేము డ్రెయిన్ తెరిస్తే రెండు నిమిషాలు పారి ధార ఆగిపోయింది. లైను ఖాళీ అయిందనుకుని ఫ్లాంజ్ (రెండు పైపులను కలిపే అంచు) బోల్టులు వదులు చేయగానే బుస్సుమని గాలి లోపలికి పోయింది, వెనువెంటనే నీళ్లు మా మీదికి దూకాయి. వెంట్ వాల్వు హ్యాండిల్ తెరిచిన స్థితిలోనే ఉంది, కానీ దాని మూతి తుప్పుతో, ఎండిన రంగుతో పూర్తిగా మూసుకుపోయింది. కింద డ్రెయిన్ గొట్టం కొస గుంట నీటిలో మునిగి ఉండడంతో ఆ దారినా గాలి పోలేదు. 10 మీటర్ల లోపు నీటి స్తంభాన్ని వాతావరణ పీడనం ఒక్కటే నిలబెట్టగలదు, మీది 4 మీటర్లే. అప్పటి నుంచి డ్రెయిన్ తెరిచాక వెంట్ మూతికి పల్చటి కాగితం ఆనిస్తాను. అది లోపలికి లాగబడి అతుక్కుంటేనే గాలి పోతున్నట్టు.

లైనులో నీటిని పైకి పోనిచ్చి వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వు ఉంటే దాని పైభాగానికి మరో డ్రెయిన్ తప్పనిసరి, ఎందుకంటే అక్కడి నీరు మీ కింది డ్రెయిన్‌కు ఎన్నటికీ చేరదు.