సూట్‌కేసులో అరకిలో పొడి, ఒక చిన్న ఫిల్టరు

చదువులకో ఉద్యోగాలకో విమానం ఎక్కబోయే నెల్లూరు, ఒంగోలు పిల్లల సందేహాల్లో కాఫీ గురించినవి తక్కువేం కాదు. ఊరగాయలు, కారప్పొళ్ళ సంగతి తేలాక మిగిలిన బరువంతా కాఫీ పొడికే ఇచ్చేవాళ్ళున్నారు. ఎక్కేది ఎటూ చెన్నైలోనే గనక అక్కడి అంగట్లో ఇంకో రెండు కిలోలు మర పట్టించుకునేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు ముందుగా చెప్పేది ఇది: పొడి తగ్గించండి, ఫిల్టరు పెట్టుకోండి. పరాయి దేశంలో కాఫీ ఇంటి కాఫీలా కుదరలేదంటే పొడిది తప్పయ్యేది అరుదు. చాలాసార్లు పాలదో, మరదో, నీళ్ళదో అయివుంటుంది.

"పొడి ఎంత తీసుకెళ్ళాలి? విమానాశ్రయంలో పారేస్తారా?"

అరకిలో చాలు. మర పట్టిన పొడి పొట్లం విప్పిన రెండు వారాలకే వాసన పోగొట్టుకుంటుంది. ఐదు కిలోలు మోసుకెళ్తే ఆరో నెలలో తాగేది రంగు నీళ్ళే. రోజుకు 25 గ్రాముల లెక్కన అరకిలో 20 రోజులు వస్తుంది. ఆలోగా కొత్త ఊళ్ళో గింజలు దొరికే చోటు చూసుకోవచ్చు. మర పట్టించేటప్పుడే 100 గ్రాముల చొప్పున ఐదు పొట్లాలు కట్టించుకుని, గాలి చొరని కవర్లలో పెట్టండి. దిగగానే ఒకటి ఉంచుకుని మిగతా నాలుగూ ఫ్రీజర్‌లో పెట్టేయండి. బయటికి తీసిన పొట్లాన్ని రెండు మూడు గంటలు అలాగే ఉంచి, చల్లదనం పూర్తిగా పోయాకే విప్పాలి. ముందే విప్పితే గాలిలో తేమ పొడికి పట్టి ఉండ కడుతుంది. విప్పినదాన్ని మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టొద్దు.

వేయించిన కాఫీకి అమెరికాలో అడ్డు లేదు. తినే పదార్థాలు ఉన్నాయా అని అడిగినప్పుడు ఉన్నాయని చెప్పాలి, అంతే. ఆస్ట్రేలియాలో దిగేముందు నింపే కార్డు మీదా అంతే. దాచడమే తప్పవుతుంది. అమెరికా విమానాల్లో 350 మిల్లీలీటర్ల డబ్బాకు మించిన పొడి చేతిసంచిలో ఉంటే విడిగా తనిఖీ చేయొచ్చు, అందుకని పెద్ద పెట్టెలో వేసేయండి. వేయించని పచ్చి గింజలు మాత్రం తీసుకెళ్ళొద్దు. వాటి నియమాలు దేశానికొక తీరు.

"ఇత్తడి ఫిల్టరా, స్టీలుదా?"

స్టీలుది. ఇత్తడిది చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ లోపలి కళాయి అరిగితే అక్కడ మళ్ళీ పోసేవాళ్ళు దొరకరు. ఒకరిద్దరికి రెండు మూడు కప్పుల సైజే కొనండి. పెద్ద ఫిల్టర్లో కొంచెం పొడి వేస్తే పొర పల్చనై నీళ్ళు ఆగకుండా జారిపోతాయి, డికాక్షన్‌లో బలం ఉండదు. పొడి వేశాక పైగిన్నెలో కనీసం మూడోవంతు నిండాలి. కొనేటప్పుడు పైగిన్నెను వెలుతురుకు ఎత్తి చూడండి. చిల్లులు సూదిమొనంత సన్నగా, అన్నీ ఒకే తీరుగా ఉండాలి. పొడిని అదిమే గొడుగు బిళ్ళ అడుగున ఎగుడుదిగుడు లేకుండా కూర్చోవాలి.

"అమ్మ చేతి అందాజాతో వేసేది. గ్రాముల్లో చెప్పండి."

ఇద్దరున్న గదికి, రెండు పూటలకు: పొడి 25 గ్రాములు, అంటే అంచుకు సమంగా గీసిన ఐదు టేబుల్ స్పూన్లు. నీళ్ళు 150 మిల్లీలీటర్లు. పొడి తన బరువుకు రెండింతల దాకా నీళ్ళు పీల్చుకుని వదలదు గనక కిందికి దిగేది 100 మిల్లీలీటర్లే. తక్కువ దిగిందని పైన ఇంకా పోయొద్దు. ఆ పోసేది రెండో డికాక్షన్ అవుతుంది, దాన్ని వేరే గిన్నెలో పట్టుకోవాలి. మొదటిదానితో కలిపితే రెండూ చెడతాయి.

ఫిల్టరును వేడినీళ్ళతో కడిగి, పైగిన్నెను పొడిగుడ్డతో చుక్క తేమ లేకుండా తుడవండి. తడి ఉంటే పొడి చిల్లుల దగ్గరే ముద్దవుతుంది. పొడి వేసి, గిన్నెను రెండుసార్లు చేత్తో తట్టి సమం చేసి, గొడుగు బిళ్ళతో మెల్లగా అదమండి. బొటనవేలి బరువు చాలు. నీళ్ళు తెర్లాక దించి అర నిమిషం ఆగండి. ముందు రెండు మూడు చెంచాల నీళ్ళు మాత్రం పోసి, పొడి తడిసి ఉబ్బేదాకా మరో అర నిమిషం ఆగాలి. ఇది దాటేసేవాళ్ళకే డికాక్షన్ ఒక పక్క నుంచి జారి పల్చగా వస్తుంది. తర్వాత మిగతా నీళ్ళు బిళ్ళ మీదుగా చుట్టూ పోసి మూత పెట్టండి. పావుగంటలో చాలావరకు, అరగంటకు పూర్తిగా దిగుతుంది.

ఐదు నిమిషాల్లోనే దిగిపోయిందంటే మర గరుకు, లేదా అదమడం చాలలేదు. గంటైనా దిగలేదంటే పొడి మరీ మెత్తన, లేదా అందులో కలిపిన చికోరీ (వేయించి పొడి చేసిన ఒక వేరు) ఎక్కువ. చికోరీ తడికి బాగా ఉబ్బి దారి మూసేస్తుంది. ఇంకో కారణం చాలామందికి తట్టదు. రెండు గిన్నెలూ బిగుసుకుపోతే కింది గాలి బయటికి రాలేదు, అందుకని డికాక్షన్ కిందికి దిగదు. పైగిన్నెను కాస్త తిప్పి, అరంగుళం ఎత్తి వదలండి. పుల్ల పెట్టి పొడిని పొడవడం మాత్రం వద్దు. పిప్పి కిందికి దిగి కాఫీ అడుగున మడ్డి చేరుతుంది.

"పొడి మనదే, ఫిల్టరు మనదే. అయినా నీళ్ళ కాఫీలాగే ఉంటోంది."

ఇక్కడే అసలు చిక్కు. ఒంగోలు గిత్తకు ఎంత పేరున్నా మన ఇళ్ళల్లో కాఫీలోకి పోసేది గేదె పాలే. వాటిలో వెన్న 6 నుంచి 8 శాతం దాకా ఉంటుంది. మన ప్యాకెట్లలో ఫుల్ క్రీమ్ పాలు 6 శాతం. అమెరికాలో హోల్ మిల్క్ అని అమ్మేది ఆవుపాలు, 3.25 శాతం. బ్రిటన్‌లో నీలం మూత పాలూ ఇంచుమించు అంతే, ఆకుపచ్చ మూతవి దానిలో సగం. పైగా వెన్నను సన్నగా చెదరగొట్టి పాలల్లో కలిపేస్తారు గనక మీగడ కట్టదు. ఇంటి దగ్గరిలా సగానికి సగం డికాక్షన్ పోస్తే ఆ పాలు తట్టుకోలేవు.

విరుగుడు సులువే. రెండు కప్పుల హోల్ మిల్క్‌లో ఒక కప్పు హాఫ్ అండ్ హాఫ్ (సగం పాలు, సగం మీగడ కలిపి అమ్మేది) కలిపితే వెన్న 6 శాతం దరిదాపుకు వస్తుంది. హాఫ్ అండ్ హాఫ్ దొరకని దేశంలో లీటరు పాలు సన్నసెగ మీద కలుపుతూ ముప్పావు లీటరు అయ్యేదాకా మరిగించండి. అల్ట్రా పాశ్చరైజ్డ్ అని రాసిన పాలకు ఉడికిన వాసన ఉంటుంది, మామూలు పాశ్చరైజ్డ్ దొరికితే అదే కొనండి. వోట్ పాలు కొన్ని రకాలు వేడి డికాక్షన్ తగలగానే విరుగుతాయి. బారిస్టా అని రాసినవి నయం.

గ్లాసుకు డికాక్షన్ 25 మిల్లీలీటర్లు, పొంగు వచ్చిన పాలు 100 మిల్లీలీటర్లు, చక్కెర చెంచా నుంచి చెంచాన్నర. డికాక్షన్‌ను ఎప్పుడూ పొయ్యి మీద కాచొద్దు. చేదు ఎక్కి వాసన పోతుంది. చల్లారితే గిన్నెతో సహా వేడినీళ్ళలో పెట్టండి. డబరాలోకి గ్లాసులోకి మార్చి మూడు నాలుగుసార్లు ఎత్తి పోస్తే నురగ వస్తుంది, తాగే వేడికీ దిగుతుంది. బెల్లం వేసేవాళ్ళు దించాక, పొంగు చల్లారాక కలపాలి, లేకపోతే పాలు విరుగుతాయి.

"అక్కడి గింజల్లో ఏవి కొనాలి?"

సూపర్‌మార్కెట్లో లైట్ రోస్ట్ (తక్కువ వేయించినవి) అని రాసిన ఖరీదైన గింజల జోలికి పోవద్దు. వాటి పులుపు పాలు లేకుండా తాగేవాళ్ళకోసం. మన తీరుకు మీడియం డార్క్, అంటే కాస్త ముదురుగా వేయించినవి కావాలి. బ్రెజిల్, సుమత్రా గింజలు పాలల్లో బాగా నిలుస్తాయి. మన దేశపువి దొరికితే చిక్కమగళూరు, కొడగు గింజల్లో ప్లాంటేషన్ ఏ అనే గ్రేడు, పీబెర్రీ సగం సగం. పీబెర్రీ అంటే పండులో రెండు చదును గింజలకు బదులు ఒకే గుండ్రటి గింజ. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన అరకు అరబికా కూడా మీడియం డార్క్‌గా వేయించినదైతే ఫిల్టరుకు పనికొస్తుంది, కాకపోతే చిక్కదనం తక్కువ. చిక్కదనం కావాలనుకుంటే పావువంతు రోబస్టా రకం గింజలు కలపండి. అరబికాలో కెఫీన్ 1.2 శాతం దాకా ఉంటే రోబస్టాలో దానికి దాదాపు రెండింతలు, రాత్రిపూట తాగేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

చికోరీ మీద పట్టుదలలు వద్దు. ఇంట్లో ఏ పాళ్ళకు అలవాటు పడ్డారో బయల్దేరేముందు అమ్మను అడిగి రాసుకోండి. ప్యాకెట్ పొడి అయితే దాని మీదే ఉంటుంది, మన చట్టం ప్రకారం కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. 80కి 20 దాటితే గింజ రుచి వెనక్కి పోతుందని మా అభిప్రాయం. అమెరికాలో న్యూ ఆర్లీన్స్ వాళ్ళకు చికోరీ కాఫీ పాత అలవాటు. అక్కడి కెఫే డు మోండ్ వాళ్ళ చికోరీ కాఫీ డబ్బా వియత్నాం దుకాణాల్లోనూ దొరుకుతుంది. ఆ పొడి మన ఫిల్టరుకు కాస్త గరుకు గనక గట్టిగా అదమాలి. విడి చికోరీ కొంటే వేయించిన వేరు అని రాసి ఉందో లేదో చూడండి. ఇన్యులిన్ అని అమ్మే తెల్లపొడి దానికి బదులు కాదు.

"ఇంటినుంచి మిక్సీ తీసుకెళ్తున్నాం, గింజలు దాంట్లో పట్టొచ్చా?"

అమెరికా, కెనడాలకైతే మిక్సీయే వద్దు. మనది 230 వోల్టులది, అక్కడ వచ్చేది 120. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ప్లగ్గు మారిస్తే తిరుగుతుంది. తిరిగినా కాఫీకి మంచిది కాదు. బ్లేడు గింజను కోస్తుందే తప్ప నూరదు, కొంత పిండి, కొంత నూక వస్తుంది. పిండి చిల్లులు మూస్తుంది, నూక నుంచి సారం దిగదు. చేత్తో తిప్పే బర్ గ్రైండరు (గింజను పళ్ళ మధ్య నూరేది) కొనండి, కరెంటుతో పని లేదు. బొంబాయి రవ్వ కంటే సన్నగా, గోధుమపిండి కంటే గరుకుగా, వేళ్ళ మధ్య నలిపితే ఇసుకలా తగిలేంత రావాలి.

నీళ్ళ సంగతి కనిగిరి ఫ్లోరైడ్ నీళ్ళూ, నెల్లూరు పెన్న నీళ్ళూ ఎరిగినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. లండన్ కొళాయి నీళ్ళలో సున్నం ఎక్కువ, కాఫీ చప్పబడుతుంది. సున్నం తగ్గించే ఫిల్టరు జగ్గులో వడకట్టినవి వాడండి. డెన్వర్ లాంటి ఎత్తైన ఊళ్ళో నీళ్ళు 95 డిగ్రీలకే తెర్లుతాయి, అక్కడ అర నిమిషం ఆగకుండా వెంటనే పోసేయాలి.

ఉదయం తొందరకు మోకా పాట్ (పొయ్యి మీద పెడితే ఆవిరి ఒత్తిడికి డికాక్షన్ పైకి వచ్చే చిన్న కూజా) మంచి తోడు. మూడు కప్పులదానికి పొడి 15 గ్రాములు, నీళ్ళు వాల్వు కింది వరకే, పొడిని అదమకూడదు. గరగర చప్పుడు రాగానే దించాలి, ఆలస్యమైతే మాడు వాసన. అల్యూమినియంది ఇండక్షన్ పొయ్యి మీద వేడెక్కదు, అయస్కాంతం అంటుకునే స్టీలుది కొనండి. పొడిని వేడినీళ్ళలో నానబెట్టి జల్లెడతో కిందికి నొక్కే ఫ్రెంచ్ ప్రెస్‌లో మన చిక్కదనం రాదు. ఎస్ప్రెస్సో మిషన్‌లో చికోరీ కలిసిన పొడి వేయొద్దు, జిగురుకు జల్లెడ మూసుకుపోతుంది.

పిప్పిని సింకులో కడగొద్దు, అపార్ట్‌మెంటు గొట్టాలు పూడుకుపోతాయి. చెత్తబుట్టలో దులిపి తర్వాత కడగండి. చిల్లులు పూడితే ఇంట్లో స్టీలు గిన్నెను గ్యాసు మంట మీద కాల్చేవాళ్ళు. కరెంటు పొయ్యి గదుల్లో మంట ఉండదు, పొగ వస్తే అలారం మోగుతుంది. నెలకోసారి పైగిన్నెను, బిళ్ళను మునిగేటన్ని నీళ్ళలో చెంచాడు వంటసోడా వేసి పది నిమిషాలు మరిగించి, మిగిలిన చిల్లులను గుండుసూదితో ఒక్కొక్కటే తెరవండి. సోడా వాసన మిగలకుండా చివర్న ఒకసారి వట్టి వేడినీళ్ళు పోసి దింపండి.