పగ ఎపిసోడ్ రాస్తున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ యుద్ధ సీరియల్‌లో ప్రతీకారం ఎపిసోడ్ చదివాను. ఫైట్లు బాగానే కుదిరాయి గానీ పగ పండలేదు. ఎందుకో చెప్పడానికి మనందరికీ తెలిసిన ఘట్టమే తీసుకుంటాను. దూరదర్శన్‌లో 1988 అక్టోబరు నుంచి 1990 జూన్ దాకా ఆదివారం పొద్దున్నే వచ్చిన బి.ఆర్. చోప్రా మహాభారత్‌లో సైంధవ వధ చూడు. పక్కన తిక్కన గారి ద్రోణపర్వం తెరిచి పెట్టుకో.

ముందు పగ ఎవరి మీద అన్నది తేల్చుకో. నీ స్క్రిప్టులో అన్నను కాల్చినవాణ్ణే తమ్ముడు వెతుక్కుంటూ పోతాడు. లెక్క సరిపోయింది, కథే చప్పబడింది. అభిమన్యుణ్ణి గదతో మోది చంపింది దుశ్శాసనుడి కొడుకు. చుట్టుముట్టినవాళ్లలో ద్రోణుడు, కర్ణుడు, కృపుడు, అశ్వత్థామ ఉన్నారు. అర్జునుడు మాత్రం సైంధవుడి మీద ఒట్టు పెట్టుకున్నాడు. సైంధవుడు చేసిందల్లా పాండవులు నలుగురినీ వ్యూహం దగ్గర ఆపేయడమే. ఆ సమయానికి అర్జునుడు ఎక్కడున్నాడు? తనను చంపడమో చావడమో అని ఒట్టు పెట్టుకుని సవాలు చేసిన సంశప్తకుల వెంటపడి దూరంగా ఉన్నాడు. కొడుక్కి సాయం అందకుండా చేసినవాడి మీద అంత కసి ఎందుకంటే, తానూ అందలేదు కనుక. ఇది నేను అర్థం చేసుకున్న తీరు. నువ్వు ఒప్పుకోకపోయినా ఫరవాలేదు. కానీ నీ హీరో తన తప్పులో కొంత వాటా ఎదుటివాడి నెత్తిన వేస్తున్నాడా లేదా అన్నది చూసుకో.

విలన్‌కూ ఒక పగ ఉండాలి. ద్రౌపదిని ఎత్తుకుపోబోయి దొరికిన సైంధవుడికి భీముడు తల గొరిగి అయిదు పిలకలు పెట్టాడు. వాడి పెళ్లాం, తమకు చెల్లెలైన దుస్సల కోసం ధర్మరాజు ప్రాణాలతో వదిలేశాడు. ఆ అవమానంతోనే వాడు తపస్సు చేసి, అర్జునుణ్ణి తప్ప మిగతా నలుగురినీ ఒక్కరోజు నిలవరించే వరం తెచ్చుకున్నాడు. దీన్ని ఫ్లాష్‌బ్యాక్ చేసి మూడు నిమిషాలు తినేయకు. శత్రువుల నోట ఒక్క ఎత్తిపొడుపు మాట చాలు.

అసలు బిగి గడువులో ఉంది. రేపు సూర్యాస్తమయంలోగా చంపలేకపోతే అగ్నిలో దూకుతానన్నాడు. ఆ మాటతో యుద్ధం లెక్కే తలకిందులైంది. దుర్యోధనుడు గెలవనక్కర్లేదు, ఒక్క మనిషిని సాయంత్రం దాకా దాచిపెడితే చాలు. ద్రోణుడు శకటవ్యూహం, దాని వెనక పద్మవ్యూహం, అందులో సూచీవ్యూహం పన్ని సైంధవుణ్ణి కొసన నిలబెట్టాడు. ఇటు అర్జునుడు వెళ్లిపోతే ధర్మరాజుకు కాపలా తగ్గింది. సాత్యకిని ఉంచి వెళ్లాడు. ధర్మరాజుకేమో కృష్ణుడి శంఖం పాంచజన్యం ఒక్కటే వినబడి, గాండీవం చప్పుడు వినబడక గాభరా పుట్టింది. సాత్యకిని పంపాడు, తర్వాత భీముణ్ణీ పంపాడు. ఒక్కడి సొంత పగ సైన్యం మొత్తాన్ని ఎలా లాక్కుపోయిందో చూశావా? నీ కథలో తమ్ముడు పగ తీర్చుకోవడానికి పోస్టు వదిలి వెళ్తే ఆ పోస్టుకు ఏమైందో నువ్వు రాయనే లేదు. అది రాయి.

ముప్పావుగంట ఎపిసోడ్‌కు పేజీకి నిమిషం లెక్కన 45 పేజీలు అనుకుంటే, ఒట్టు ఏడో పేజీ దాటకూడదు. పదిహేను దాకా లాగితే ఆ తర్వాత తొందర తప్ప ఉత్కంఠ ఉండదు. ఎండ వాలడం మూడు నాలుగుసార్లు కనబడాలి, ప్రతిసారీ నీడ మాత్రమే మారాలి. డైలాగులో "టైమ్ లేదు" అని రాశావో, చెడగొట్టావన్నమాటే.

మధ్యలో ఊపిరి తీసుకునే సీను ఒకటి కావాలి. అర్జునుడి గుర్రాలు అలిసిపోయాయి. నడి యుద్ధంలో బాణంతో నేల చీల్చి నీళ్లు పుట్టించాడు. కృష్ణుడు గుర్రాలను విప్పి, ఒంట్లో దిగిన బాణాలు పీకి, ఒళ్లు నిమిరి, నీళ్లు తాగించి, మళ్లీ పూన్చాడు. అంత కసిలో ఉన్నవాడు గుర్రాల దాహం కోసం ఆగాడంటేనే మనిషిగా కనిపిస్తాడు. కరుడుగట్టిపోయి కొట్టుకుంటూ పోయేవాడి మీద ప్రేక్షకుడికి జాలి పుట్టదు.

చంపే సీను రెండు నిమిషాలు మించనివ్వకు. కృష్ణుడు కల్పించిన చీకటికి పొద్దు గుంకిందనుకుని సైంధవుడు మెడ చాచి సూర్యుడి కోసం చూశాడు. వాడి చావుకు ఆ మెడ చాచడమే కారణం. శత్రువును తెలివితక్కువవాడిగా చేయకుండా బయటికి రప్పించే పద్ధతి అది. తల నేలమీద పడేలా చేసినవాడి తల నూరు ముక్కలవుతుందని తండ్రి వృద్ధక్షత్రుడి వరం ఒకటి ఉంది కనుక బాణం ఆ తలను తీసుకెళ్లి తండ్రి ఒళ్లోనే పడేసింది. ఆయన లేచేసరికి అది నేలమీద పడి ఆయన తలే పగిలింది. పెట్టిన ప్రతి వరానికీ చెల్లింపు ఉండాలని ఇక్కడ నేర్చుకో.

ఇక నువ్వు పూర్తిగా వదిలేసింది, చంపిన తర్వాత. నీ ఎపిసోడ్ శవం పక్కన ఆగిపోయింది. భారతంలో ఆ రోజు పొద్దు గుంకినా యుద్ధం ఆగలేదు. కాగడాలు వెలిగించి రాత్రి కూడా కొట్టుకున్నారు, కర్ణుడి శక్తికి ఘటోత్కచుడు పోయాడు. పాండవులు ఒక కొడుకు పగ తీర్చుకున్న రోజే ఇంకో కొడుకును పోగొట్టుకున్నారు. అటు దుస్సల, అర్జునుడికి వరసకు చెల్లెలే, విధవరాలైంది. చివరి అయిదు పేజీలు ఖాళీ చేసుకుని ఇది రాయి. హీరో చేత పశ్చాత్తాపం చెప్పించకు. వాడికి ఇంకో ఉత్తర్వు రావాలి, వెళ్లాలి.

తిరగరాసి, ప్రతి సీను పక్కన మార్జిన్‌లో ఏ గంటకు జరుగుతోందో వేసి పంపు.