రాతి పనిముట్టా, మామూలు రాయా? ఆకారం వదిలేసి దెబ్బలు చూడండి

ప్రశ్న: "గండిపేట చెరువు గట్టు దగ్గర గొడ్డలి ఆకారంలో ఒక రాయి దొరికింది. ఇది ఆదిమానవుల పనిముట్టేనా, లేక నీళ్లకు అరిగిన రాయా? ఎలా తెలుసుకోవాలి?"

ఫొటో చూశాను. చాలా అందంగా ఉంది మీ రాయి. నా అనుమానం అక్కడే మొదలైంది. గొడ్డలిలా ఉంది, బాణం మొనలా ఉంది, ఏనుగు తలలా ఉంది అని జనం తెచ్చే రాళ్లలో నూటికి తొంభై తొమ్మిది ప్రకృతి చేసినవే. నిజమైన పనిముట్లు చాలావరకు చూడ్డానికి ఏమంత బాగోవు. కాలికి తగిలితే తన్నేసి పోతాం.

ఇందులో నన్ను బాగా విసిగించినవాడు మా తోడల్లుడు. ఏదో వాట్సాప్ గ్రూపులో చేరాడు. అప్పట్నుంచి ఎక్కడికెళ్లినా నేల చూపులే. ఒక ఆదివారం వికారాబాద్ అనంతగిరి నుంచి తిరిగొస్తూ సంచి నిండా రాళ్లతో మా ఇంట్లో దిగాడు. భోజనానికి ప్లేట్లు పెట్టాల్సిన టేబుల్ మీద వాటిని వరసగా పేర్చి, "అన్నా, ఇవన్నీ పాతరాతి యుగం" అన్నాడు. మా ఆవిడ ముఖం ఏ యుగానికి వెళ్లిందో చెప్పక్కర్లేదు.

మేముండేది నల్లగండ్లలో. వెనక ప్లాటులో అప్పట్లో పునాది పని నడుస్తోంది. అక్కడ రాళ్లు కొట్టే ఒక పెద్ద మేస్త్రీతో నాకు చాయ్ పరిచయం. చిన్నప్పట్నుంచి గుండ్లు పగలగొట్టి బతికిన మనిషి. తిన్నాక సంచీనీ తోడల్లుడినీ ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. ఏ రాయి ఎక్కడిది, ఎందుకు తెచ్చాం అన్నది చెప్పలేదు. "ఇందులో మనిషి కొట్టిన రాళ్లేవో చూడు మేస్త్రీ" అని మాత్రం అన్నాను.

ఆయన నింపాదిగా కూర్చుని ఒక్కో రాయి తీసి, బొటనవేలితో అంచు తడిమి, పక్కన పడేస్తూ పోయాడు. మావాడు 'చేగొడ్డలి' అన్న పెద్ద రాయి ముందు పోయింది. "వాగుల దొర్లింది సార్, అన్ని దిక్కులా ఒక్క తీరే అరిగింది." తర్వాత 'గీకుడు పనిముట్టు'. "ఎండకు లేసిన పెచ్చు. మేం బండకింద మంట వెడితే గూడ గిట్లనే లేస్తది. దెబ్బ యాడ వడ్డదో సూపియ్యి మరి?" మావాడు చూపించలేకపోయాడు. ఆ తర్వాత ఒకవైపు మాత్రం పదునుగా విరిగిన తెల్లటి పలుగురాయి. మేస్త్రీ దాన్ని కాసేపు తిప్పి చూసి, "ఒక్క దెబ్బ ఉన్నది. ఎవడన్న కొడితే రెండో దెబ్బ ఏది?" అన్నాడు.

ఈ విషయం మీద ఇంగ్లీషులో ఎన్నో వ్యాసాలు చదివాను. ఈ రెండో దెబ్బ సంగతి ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

సంచి అడుగున నశ్యం రంగు చెకుముకి రాయి ఒకటి మిగిలింది, బొటనవేలంత. మావాడు దాన్ని చూపించడానికి కూడా ఇష్టపడలేదు, చిన్నదని. మేస్త్రీ దాన్ని మాత్రం కింద పెట్టలేదు. "గిది పనోడు జేసిండు సార్. జూడు, పైన సాపు జేసిండు. గాడ్నుంచే అన్ని దెబ్బలు ఒక్క దిక్కు గొట్టిండు. ఒక పెచ్చు దీసిండు, జర పక్కకు జరిగి ఇంకోటి దీసిండు. తాగి కొట్టిన చెయ్యి గాదు."

ఆయన చూపించింది సన్నటి పలకల్లాంటి పెచ్చులు వరసగా తీసేశాక మిగిలిన దిమ్మ. సూక్ష్మశిలా పనిముట్లు చేసేవాళ్లు ఆ పెచ్చుల్ని కర్రకో ఎముకకో బిగించి కత్తిలా, బాణం మొనలా వాడేవారు. దిమ్మ మీద సమాంతరంగా దిగిన గాట్లు కనిపిస్తాయి. దొర్లే వాగుకు అంత ఓపిక ఉండదు.

దీని వెనక సైన్సు ఉంది. చెకుముకి, క్వార్ట్జైట్ లాంటి సన్నటి రేణువుల గట్టి రాళ్ల అంచు దగ్గర బలంగా కొడితే, దెబ్బ పడ్డ చోట మొదలై పగులు లోపలికి వంపుగా పాకుతుంది. ఊడిన పెచ్చు లోపలి వైపు, దెబ్బకు సరిగ్గా కింద, చిన్న ఉబ్బు ఉంటుంది. దాని చుట్టూ సన్నటి వలయాలు. దిమ్మ మీద అదే చోట గుంట. ప్రకృతి కూడా ఇవి చేయగలదు, కాదనను. కొండ మీంచి రాయి పడి ఇంకో రాయికి తగిలితే ఉబ్బూ వస్తుంది, వలయాలూ వస్తాయి. అందుకే ఒక్క గుర్తు పట్టుకుని వేలాడకూడదు. చాలా గాట్లు ఉండాలి, అవి ఒక పద్ధతిలో ఉండాలి. కొట్టిన అంచు కోణం కూడా చూడాలి. తొంభై డిగ్రీల కంటే తక్కువ కోణం ఉన్న అంచైతేనే పెచ్చు బాగా ఊడుతుంది, పనివాడు దాన్నే ఎంచుకుంటాడు. నేలలో నలిగి విరిగిన రాయికి ఆ ఎంపిక ఉండదు. 1939లో బార్న్స్ అనే ఆయన సరిగ్గా ఈ కోణాల్నే లెక్కపెట్టి, మనిషి పనిలో తొంభై దాటిన కోణాలు నాలుగో వంతుకు మించవని తేల్చాడు. మా మేస్త్రీ బార్న్స్ పేరు వినలేదు. ఆయన వేలు మాత్రం నేరుగా ఆ అంచు మీదికే వెళ్లింది.

బ్రెజిల్ కోతుల గురించి ఎవరో కామెంట్లో అడుగుతారు, ఇప్పుడే చెప్పేస్తాను. అక్కడి కాపుచిన్ కోతులు రాయితో రాయిని కొడుతుంటే పదునైన పెచ్చులు రాలుతున్నాయని 2016లో తేలింది. అవి ఆ పెచ్చుల్ని వాడుకోవు. మన హైదరాబాద్ కోతులు కొబ్బరిచిప్పల దగ్గరే ఆగిపోయాయి కాబట్టి మనకా భయం లేదు.

మనకున్న అసలు సమస్య క్రషర్లు. నగరం చుట్టూ గుండ్లు పేల్చి, మరల్లో వేసి కంకర చేస్తున్నారు. దాదాపు రెండున్నర వందల కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ అది, మన కళ్లముందే టిప్పర్లలో పోతోంది. ఆ బాధ వేరే. ఇక్కడి సంగతేమిటంటే, మరలో నలిగిన ముక్కలకు కూడా పదునైన అంచులు వస్తాయి. ఇది కొత్త గొడవేం కాదు. ఇంగ్లండ్ కెంట్ ప్రాంతంలో బెంజమిన్ హారిసన్ అనే కిరాణా వ్యాపారి ఏరిన మొరటు రాళ్లు తొలి మానవుల పనిముట్లేనా అని యూరప్ పండితులు ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. 1905లో ఫ్రెంచి శాస్త్రవేత్త మార్సెలిన్ బూల్ ఒక సిమెంటు ఫ్యాక్టరీకి వెళ్లి చూస్తే, సుద్దమట్టి కలిపే యంత్రంలో ఒకదానికొకటి తగిలిన చెకుముకి రాళ్లు అచ్చం అలాగే తయారై బయటికొస్తున్నాయి.

ఇంకో మాట. మన గ్రానైట్ గరుకు రాయి, పెచ్చులు తీయడానికి పనికిరాదు. ఎండకూ వానకూ దానంతటదే ఉల్లిపాయ పొరల్లా ఊడుతుంది. గండిపేట, ఖాజాగూడ వైపు దొరికే గ్రానైట్ 'గొడ్డలి' దాదాపుగా అలా ఊడిన పొరే. కొత్తరాతి యుగం వాళ్లు గొడ్డలికి ఎక్కువగా డోలరైట్ లాంటి నల్లరాయి వాడేవాళ్లు. మన గ్రానైట్ మధ్య గోడల్లా సాగే నల్లటి చారలు ఆ రాయే. దాన్ని చెక్కి, గ్రానైట్ బండ మీద నూరేవాళ్లు. నూరిన గొడ్డలిని గుర్తుపట్టడం సులువు. రెండు వైపులా నున్నగా వచ్చి ఒకచోట కలిసి గట్టి అంచు కడతాయి. వాగు రాయిని ఎంత నున్నగా చేసినా అలాంటి అంచు పెట్టదు, ఉన్న అంచునే మొద్దు చేస్తుంది.

రాయి అక్కడికి ఎలా వచ్చిందన్నదీ అడగాలి. చుట్టూ గ్రానైటే ఉన్న గుట్ట మీద, దగ్గర్లో వాగు లేని చోట, గుప్పెడంత క్వార్ట్జైట్ గులకరాయి కనిపిస్తే అది నడిచి రాదు. ఎవరో మోసుకొచ్చారు. కానీ ఎవరు? ఇప్పుడు ప్రతి గేటెడ్ కమ్యూనిటీలో పూలకుండీల చుట్టూ కొనుక్కొచ్చిన గులకరాళ్లే. పదివేల ఏళ్ల తర్వాత తవ్వేవాళ్లు మనం ఏ నదుల వెంట వలస వచ్చామో అని జుట్టు పీక్కుంటారు.

మా చెకుముకి దిమ్మ కథ కూడా ఇలాగే పాడైంది. అనంతగిరిలో ఎక్కడ దొరికిందని అడిగితే మావాడు నసిగాడు. "అది అక్కడిది కాదన్నా. మా మియాపూర్ అపార్ట్‌మెంట్ దగ్గర ఇసక జల్లెడ పట్టి పారేసిన గులకల్లో ఏరాను." అంటే లారీ ఎక్కి వచ్చిన పనిముట్టు. ఏ రేవు, ఏ ఒడ్డు, ఏ పొర, ఏదీ తెలీదు. నన్నడిగితే కచ్చితంగా గోదావరిదే అంటాను, ఆ ఇసక రంగు నాకు తెలుసు. మావాడు కృష్ణ అంటాడు.

1863 మే 30న మద్రాసు దగ్గర పల్లవరంలో రాతిగొడ్డలిని గుర్తుపట్టిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ భూగర్భ శాస్త్రవేత్త. రాళ్లతోనే ఆయన ఉద్యోగం. అందుకే కంకర గుంటలో అంత రాశి మధ్య అది కంటపడింది. మన ఊళ్లో ఆ చూపు రాళ్లు కొట్టేవాళ్లకుంది. వాళ్లను ఒక్క రోజు కూర్చోబెట్టి అడిగితే మ్యూజియం అద్దాల వెనక సగం లేబుళ్లు మారిపోతాయని నా గట్టి నమ్మకం. ఒక మ్యూజియంలో విరిగిన పలుగురాయి పక్కన 'పనిముట్టు' అని ఒకే ఒక్క ముక్క రాసి ఉంది. ఏ ఊళ్లో దొరికింది, దెబ్బ ఎక్కడుంది, ఏమీ లేదు. అడిగితే గార్డు ఫొటోలు తీయొద్దన్నాడు.

మీ రాయి సంగతి. ఒకవైపు ఫొటో చాలదు. పక్కనుంచి వెలుతురు పడేలా అంచు, వెనక వైపు, రెండు చివర్లు తీసి పెట్టండి, పక్కన రూపాయి బిళ్ల ఉంచండి. ఎక్కడ దొరికిందో గుర్తుంటే ఆ చోటు ఫొటో కూడా. ఇంకా అలాంటివి కనిపిస్తే ఏరకండి, ఉన్నచోటే ఉంచి లొకేషన్ సేవ్ చేసుకుని పురావస్తు శాఖకు చెప్పండి. ఇప్పటికైతే నా ఓటు గ్రానైట్ పొరకే.

మావాడు ఆ దిమ్మను టీవీ పక్కన షోకేసులో పెట్టి, 'పది లక్షల సంవత్సరాలు' అని చీటీ అంటించాడు. నంద్యాల వైపు జ్వాలాపురంలో దొరికిన ఇలాంటి చిన్న పనిముట్లే సుమారు 35 వేల ఏళ్లవి, మనదేశంలో బాగా పాతవాటిలో లెక్క, నీ చీటీలో కనీసం ఒక సున్నా అన్నా కొట్టెయ్యమని ఎంత చెప్పినా వినడం లేదు.