మొహం గుర్తుండదు, గొంతు వింటే చాలు

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 29 ఏళ్లు, పెళ్లయ్యాక తెనాలి వచ్చాను. నాకు మనుషుల మొహాలు అస్సలు గుర్తుండవు. చూపు బాగానే ఉంది. మా పెద్ద ఆడపడుచు ఇంట్లో కనిపిస్తే ఇట్టే తెలుస్తుంది, అదే ఆవిడ బజార్లో ఎదురైతే ఎవరో అనుకుని పక్కనుంచి వెళ్లిపోయాను. చూసి కూడా పలకరించలేదు, ఎంత పొగరు అని పెద్ద గొడవైంది. మొన్న తిరుమలలో మా ఆయన గుండు చేయించుకుని వచ్చి నా ఎదురుగా నిలబడితే మాట్లాడేదాకా ఆయనని తెలియలేదు. చిన్నప్పుడు కూడా ఇంతే, సినిమాలో హీరో గెటప్ మారిస్తే నాకు కథ అర్థమయ్యేది కాదు. మతిమరుపు జబ్బేమోనని టెన్షన్‌గా ఉంది. (పేరు వద్దు, తెనాలి)

జవాబు: ముందు ఆ టెన్షన్ వదిలేయండమ్మా. ఎప్పుడో సినిమా చూసి తికమకపడ్డది కూడా మీకు గుర్తుంది, ఇక మతిమరుపెక్కడిది? పరీక్ష చేయకుండా ఖాయంగా చెప్పకూడదు గానీ, మీరు రాసింది చదివితే పుట్టుకతో వచ్చే ప్రోసోపాగ్నోసియా అనిపిస్తోంది, అంటే చూపూ తెలివీ అన్నీ సవ్యంగా ఉండి ఒక్క మొహాలు పోల్చుకోవడమే రాకపోవడం. నూటికి ఇద్దరిలో దాకా ఉండొచ్చని అంచనా. కొన్ని కుటుంబాల్లో వరసగా కనిపిస్తుంది కాబట్టి మీ పుట్టింట్లో కూడా ఒకసారి అడిగి చూడండి, ఏ మేనమామకో ఇదే ఉండి ‘వాడికి మనుషులంటే లెక్కలేదు’ అని పేరు పడిపోయి ఉండొచ్చు. చింపాంజీల మీద జీవితమంతా పనిచేసిన జేన్ గుడాల్ తనకీ ఇది ఉందని చెప్పారు. పెద్ద పెద్ద మొహాల బొమ్మలు వేసి పేరు తెచ్చుకున్న అమెరికన్ చిత్రకారుడు చక్ క్లోజ్‌కీ ఇదే ఉండేది.

మెదడు అడుగుభాగంలో, ముఖ్యంగా కుడివైపు, మొహాల పని ప్రత్యేకంగా చూసుకునే చోటు ఒకటి ఉంది. మామూలుగా కళ్లు, ముక్కు, నోరు అన్నీ కలిపి ఒక్క చూపులో ‘ఫలానా మనిషి’ అని అందుతుంది. మీకు కళ్లు కళ్లుగా, ముక్కు ముక్కుగా స్పష్టంగానే కనిపిస్తాయి, నవ్వుతున్నారో కోపంగా ఉన్నారో కూడా తెలుస్తుంది, ఎవరన్నదే అందదు. అందుకే ఇన్నేళ్లుగా మీకు తెలియకుండానే వేరే గుర్తులు పట్టుకుని నెట్టుకొస్తున్నారు: ఫలానా జడ, ఫలానా మీసం, ఫలానా గుమ్మం. ఆడపడుచు ఇంట్లో తెలిసి బజార్లో తెలియకపోవడం అందుకే. ఇంట్లో ఆవిణ్ణి సగం పట్టించింది ఆ ఇల్లే. గుండుతో మీ ఆయన జుట్టు పోయింది, మీసం కూడా తీసేసి ఉంటే ఇక మీ చేతిలో ఏం మిగిలింది చెప్పండి?

కాబట్టి మారిపోయే గుర్తుల్ని నమ్ముకోవద్దు. చీర, హెయిర్ కట్, కళ్లజోడు, మాలలో పెంచిన గడ్డం, ఇవన్నీ రేపటికి ఉండవు. పెళ్లిళ్లలో అందరూ పట్టుచీరలు కట్టి పూలు పెట్టుకుని ఒక్కలాగే ఉంటారు, మీకు అన్నిటికంటే కష్టమైన చోటు అదే. నడక, గొంతు, నిలబడే తీరు, చేతులు తిప్పే అలవాటు, చెవి దగ్గర పుట్టుమచ్చ, ఇలాంటివి అంత తొందరగా మారవు. పెళ్లి ఆల్బమ్‌లో మొహాలు బట్టీపడితే పెద్దగా ఫలితం ఉండదు. దాని బదులు మీ ఆయనతో కూర్చుని ఫోన్‌లో ఒక్కొక్కరికీ ఒక ముక్క రాసుకోండి: ‘రాజమండ్రి బాబాయ్, ఎడమకాలు కొంచెం ఈడుస్తారు, మాటకి ముందు చిన్న దగ్గు.’ ‘చిన్నత్త, గాజులు పైకి నెట్టుకుంటూ మాట్లాడుతుంది.’ ఇలా రాసుకున్నవి పనికొస్తాయి.

మన ఇళ్లలో ఇంకో చిక్కుంది. పేరు పెట్టి పిలిచి గట్టెక్కలేం, వరస కావాలి, పిన్నిని వదినా అంటే అదో గొడవ. ఎవరెదురైనా ముందు నవ్వి ‘బాగున్నారా అండీ’ అనండి, అవతలివాళ్లు నోరు తెరిచేదాకా వరస జోలికి వెళ్లకండి. ఫంక్షన్లలో మీ ఆయన పక్కనే ఉండి ‘అదిగో మా పెద్దత్త వస్తోంది’ అని మెల్లగా అందిస్తే చాలు.

కానీ ఈ ఉపాయాలతోనే జీవితాంతం దాచుకుంటూ తిరగమని మాత్రం నేను చెప్పను. అది చాలా అలసట. ఇంట్లో చెప్పేయండి, అదీ మీ ఆయన నోటితో చెప్పించండి, ఎందుకంటే మీరు చెబితే సాకు అనుకునే ప్రమాదం ఉంది. ఆడపడుచుతో మాత్రం మీరే స్వయంగా ‘వదినా, బయట కనిపిస్తే ముందు మీరే పలకరించండి, గొంతు వింటే నాకు వెంటనే తెలుస్తుంది’ అనండి. ఆవిడకి తగిలిన దెబ్బ కూడా నిజమే కదా.

దీనికి మందు లేదు. మెమరీ టానిక్‌లకీ బిళ్లలకీ డబ్బు తగలేయకండి. కావాలంటే క్లినికల్ సైకాలజిస్ట్‌ని కలవండి, జుట్టు కనపడకుండా కత్తిరించిన మొహాల ఫొటోలతో చేసే పరీక్షలున్నాయి. రేపు మీకు పిల్లలు పుట్టి బడికి వెళ్తే అందరిదీ ఒకే యూనిఫామ్ కాబట్టి బ్యాగుకి ఏదో గుర్తు కట్టండి, గేటు దగ్గర వాళ్లనే ‘అమ్మా’ అని పిలవమనండి. వాళ్లలోనూ ఈ లక్షణం కనిపిస్తే తిట్టకండి. తీసుకెళ్లడానికి వచ్చింది తెలిసినవాళ్లో కాదో మొహం చూసి చెప్పలేరు గనక ఇంట్లోవాళ్లకే తెలిసిన ఒక మాట పెట్టుకోండి, ఆ మాట చెప్పనివాళ్లతో వెళ్లకూడదని నేర్పండి.

ప్రశ్న: మా నాన్నగారికి 64. వారం నుంచి మమ్మల్ని చూసి ‘ఎవరు బాబూ’ అంటున్నారు. మాట్లాడితే మాత్రం పేరు పెట్టి పిలుస్తున్నారు. వయసు వల్లేనా? (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: వయసు అని వదిలేయకండి, పై ఉత్తరం చదివి సరిపెట్టుకోనూ వద్దు. ఆ అమ్మాయిది పుట్టుకతో ఉన్నది, మీ నాన్నగారికి కొత్తగా వచ్చింది. పక్షవాతం, తలకి దెబ్బ, మెదడులో గడ్డ, వీటిలో దేనివల్లయినా కావచ్చు, చెయ్యీ కాలూ బాగానే ఉన్నా సరే. 1947లో జర్మన్ వైద్యుడు యోఆకిమ్ బోడామర్ దీనికి పేరు పెట్టింది కూడా తలకి గాయాలైన సైనికుల్ని చూసే. ఈ మధ్య జారిపడ్డారా, ఒక పక్క వస్తువులు కనపడక తగులుకుంటున్నారా గమనించి చెప్పండి. ఇప్పటికే వారం పోయింది, అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఈరోజే స్కానింగ్, న్యూరాలజిస్ట్ ఉన్న ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి, బీపీ, షుగర్ మందుల చీటీలు వెంట ఉంచుకోండి.